ఒకే 'వద్దు', పలు కారణాలు: ఏడు మండలాల విలీనం మనకు నేర్పిన పాఠం

(ఖమ్మంలో జరిగిన మైనారిటీ హక్కుల సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



కొద్దికాలం క్రితం చింతూరు వైపు నుండి వచ్చిన ఒక యువకుడు మమ్మల్ని ఒక ప్రశ్న అడిగాడు. "పెద్దనాన్నా, 2014లో మా మండలాలను ఆంధ్రప్రదేశ్‌లో కలపవద్దని ఎర్రజెండావారు అన్నారు, గులాబీజెండావారు అన్నారు, కాంగ్రెసువారు అన్నారు, ఆదివాసీ సంఘాలు అన్నాయి. గుడికి వెళ్లేవారూ అన్నారు, మస్జిద్‌కు వెళ్లేవారూ అన్నారు. ఇంతమంది వద్దన్నది ఎట్లా జరిగింది?" ఆనాడు మేము సరైన జవాబు చెప్పలేకపోయాము. ఈ ప్రసంగం ఆ అబ్బాయికి బాకీపడిన జవాబు.

ముందుగా జరిగినదేమిటో క్రమంలో చెప్పుకుందాము. ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ చట్టం 2014 మార్చి 1న రాష్ట్రపతి ఆమోదం పొందింది. ఆ చట్టం ఖమ్మం జిల్లాలో పోలవరం ముంపు కింద గుర్తించిన గ్రామాలను మాత్రమే తెలంగాణ నుండి మినహాయించింది. ఏప్రిల్ 30న ఇక్కడ పోలింగు జరిగింది. మే 26న కేంద్రంలో కొత్త ప్రభుత్వం ప్రమాణం చేసింది. మే 29న ఆర్డినెన్సు వెలువడింది. ఈసారి గ్రామాలు కావు, మండలాలకు మండలాలే పోయాయి. కుక్కునూరు, వేలేరుపాడు, చింతూరు, కూనవరం, వరరామచంద్రపురం మండలాలు పూర్తిగానూ, బూర్గంపాడులో కొన్ని గ్రామాలూ, పట్టణం మినహా భద్రాచలం మండలమూ అవతలికి చేరాయి. తెలంగాణ పుట్టింది జూన్ 2న; అంటే పుట్టుకకు నాలుగు రోజుల ముందే ఈ కోత జరిగిందన్నమాట. జూలై 11న లోక్‌సభ, 14న రాజ్యసభ దానిని చట్టం చేశాయి.

ఆ ఏప్రిల్ 30న ఈ మండలాల ఓటర్లు ఎవరిని గెలిపించారో గుర్తుచేసుకోండి. చింతూరు, కూనవరం, వరరామచంద్రపురం ఉన్న భద్రాచలం నియోజకవర్గం సి.పి.ఎం. అభ్యర్థి సున్నం రాజయ్యగారిని శాసనసభకు పంపింది. కుక్కునూరు, వేలేరుపాడు ఉన్న అశ్వారావుపేటలోనూ, బూర్గంపాడు ఉన్న పినపాకలోనూ వై.ఎస్.ఆర్. కాంగ్రెసు గెలిచింది. భద్రాచలం, పినపాకలు చేరిన మహబూబాబాద్ లోక్‌సభ స్థానాన్ని టి.ఆర్.ఎస్. గెలుచుకుంది. అంటే ఈ ఓటర్లు ఒక పార్టీ మనుషులు కారు. రాజయ్యగారి సొంత ఊరు వరరామచంద్రపురం మండలంలోనిదే. ఆయన తెలంగాణ శాసనసభ్యులు. ఆయన ఊరు ఆంధ్రప్రదేశ్‌లో! ఓటు ఒక రాష్ట్రానికి వేసి బతుకు మరొక రాష్ట్రంలో గడిపిన ఆ ప్రజలు ఆంధ్రప్రదేశ్ శాసనసభకు ఓటు వేయడానికి 2019 వరకు ఆగవలసి వచ్చింది.

ఇక ఎవరు ఎందుకు వద్దన్నారు?

టి.ఆర్.ఎస్. కారణం తెలంగాణ సరిహద్దు. పది జిల్లాల తెలంగాణ అని దశాబ్దాలు పోరాడి, తీరా వచ్చేనాటికి భూమి తరిగితే ఎట్లా అన్నది వారి ప్రశ్న. దానితోపాటు చింతూరు మండలంలోని దిగువ సీలేరు జలవిద్యుత్ కేంద్రం, 460 మెగావాట్లది, చేజారింది. మే 29న వారు తెలంగాణ బంద్‌కు పిలుపునిచ్చారు.

కమ్యూనిస్టుల కారణం వేరు. వారికి రాష్ట్రం గీతకన్నా కోయ, కొండరెడ్డి గూడేల ముంపు పెద్ద విషయం. అయిదవ షెడ్యూలు ప్రాంతంలో, 1996 పీసా చట్టం ఉన్నచోట, గ్రామసభను సంప్రదించకుండా భూసేకరణ ఏమిటని వారు అడిగారు. ఆదివాసీ సంఘాలది ఇంకా లోతైన బాధ. ఆంధ్ర అయినా తెలంగాణ అయినా మా అడవి మాకు ఉండాలి గదా అన్నది వారి మాట. తెలంగాణ కాంగ్రెసువారు రాజ్యాంగంలోని మూడవ అధికరణాన్ని గుర్తుచేశారు. ఒక రాష్ట్రం హద్దు మార్చే బిల్లుపై రాష్ట్రపతి ఆ రాష్ట్ర శాసనసభ అభిప్రాయం కోరాలని అందులో ఉన్నది. కాని అదే ఏడాది మార్చిలో వారి పార్టీ నడిపిన కేంద్ర మంత్రివర్గమే ఈ మండలాల బదిలీకి తల ఊపిందన్నది కూడ చరిత్రలోనే ఉన్నది. స్థానిక వై.ఎస్.ఆర్. కాంగ్రెసు, తెలుగుదేశం నాయకుల సంకటం చెప్పనలవికానిది. వారి పార్టీలు అవతల పోలవరం కావాలంటుంటే, ఇవతల వారు ఊళ్లు పోవద్దనవలసి వచ్చింది.

రామభక్తుల కారణం మరొకటి. భద్రాచలం గుడి ఇటు, ఆ గుడికి చెందిన పురుషోత్తపట్నం భూములు అటు. తానీషా ప్రభువు ముత్యాల తలంబ్రాలు పంపే ఆచారం ప్రారంభించాడని చెప్పుకునే ఊరు అది. ఆ బాధ మనకు పరాయిది కాదు. దేవుని పేర రాసిన భూమి వేరొకరి లెక్కల్లోకి పోతే మనసు ఎట్లా కలుక్కుమంటుందో వక్ఫ్ భూముల సంగతి తెలిసిన మనకంటె ఎవరికి తెలుసు?

పొరుగు రాష్ట్రం ఒడిశా నుండి బిజూ జనతాదళ్ సభ్యులు కూడ లోక్‌సభలో ఎదిరించారు. వారి కారణం తమ వైపు ముంపు. ఇన్ని గొంతులు ఒకేమాట పలికినా మూజువాణి ఓటుతో బిల్లు నెగ్గింది.

ఇక్కడ కాసేపు దూరదేశానికి వెళ్లి వద్దాము. యూరప్‌లోని దేశాలు ఒక్కటిగా కలవాలన్న ప్రయత్నం చాలాకాలంగా సాగుతున్నది. 2005లో ఆ కూటమికి ఒక రాజ్యాంగం రాసి ఫ్రాన్సులో ప్రజల ముందు పెట్టారు. అక్కడ కూడ తేదీ మే 29 కావడం యాదృచ్ఛికం. దాదాపు 55 శాతం మంది 'వద్దు' అన్నారు. మూడు రోజుల తరువాత నెదర్లాండ్స్‌లో 61 శాతానికి పైగా అదే మాట అన్నారు.

ఫ్రాన్సులో వద్దన్నదెవరు? కమ్యూనిస్టులు వద్దన్నారు, సోషలిస్టులలో ఒక వర్గం వద్దన్నది. ఈ రాజ్యాంగం పెద్ద వ్యాపారులకు తలుపులు తెరిచి కార్మికుని జీతాన్నీ ప్రభుత్వ సేవలనూ దెబ్బతీస్తుందని వారి భయం. మరోవైపు జాతీయవాదులు కూడ వద్దన్నారు. వారి కారణం జాతి, జెండా, సరిహద్దు. వారిలో కొందరు తుర్కీ దేశం కూటమిలో చేరుతుందేమో, ముస్లింలు వచ్చిపడతారేమో అని ప్రజలను భయపెట్టారు. ఓట్ల పెట్టెలో మాత్రం ఈ రెండు రకాల 'వద్దు'లూ కలిసి ఒకే లెక్కగా మారాయి. కార్మికుడు తన కూలి కోసం వేసిన ఓటును, ముస్లిమును చూసి భయపడినవాని ఓటునుండి విడదీసే యంత్రం లేదు.

తరువాత ఏమయింది? రెండేళ్లకు, 2007 డిసెంబరులో, ఆ రాజ్యాంగంలోని అంశాలలో చాలావాటిని లిస్బన్ ఒప్పందం పేరుతో తిరిగి తెచ్చారు. ఈసారి ఫ్రాన్సు ప్రజలను అడగలేదు, పార్లమెంటుతో ఆమోదింపజేశారు. వద్దన్నవారు తమలో తాము ఏకాభిప్రాయంతో ఒక 'కావాలి'ని నిలబెట్టలేకపోయారు.

బ్రిటనులో 2016 జూన్ 23న దాదాపు 52 శాతం మంది యూరప్ కూటమి నుండి బయటికి పోదామన్నారు. మూతపడిన కర్మాగారాల ఊళ్లలో లేబర్ పార్టీకి తరతరాలుగా ఓటు వేసినవారు అందులో ఉన్నారు. చేపలవేటకు వెళ్లేవారు, సామ్రాజ్య వైభవాన్ని తలచుకునే ధనికులు కూడ ఉన్నారు. కాని ప్రచారంలో తుర్కీ భయమూ, శరణార్థుల భయమూ ముందుకు వచ్చాయి. ఆ మరుసటి నెల, జూలైలో, జాతి మత ద్వేషంతో కూడిన నేరాలు ఇంగ్లండ్, వేల్స్‌లలో అంతకుముందు ఏడాది జూలైకన్నా 41 శాతం ఎక్కువ నమోదయ్యాయి. కూలి కోసం ఓటు వేసిన పేదవాడు దీనిని కోరి ఉండడు. కాని ఆ తీర్పుకు అర్థం చెప్పే అధికారం గొంతు పెద్దదైనవాని చేతికి పోయింది.

ఇప్పుడు మన గోదావరి ఒడ్డుకు తిరిగి వద్దాము. యూరప్ దేశాల విలీనమూ ఏడు మండలాల విలీనమూ ఒకటి కావు. అక్కడ ప్రజలను అడిగి, వారి మాట పెడచెవిన పెట్టారు. ఇక్కడ అడగనే లేదు. కాని వద్దన్నవారి పరిస్థితిలో పోలిక ఉన్నది. మన వద్ద కూడ ఎవరి కారణం వారిది. జూన్ 2 గడిచిన తరువాత ఒక్కొక్కరూ తమ కారణం పిలిచిన దిక్కుకు వెళ్లిపోయారు. తెలంగాణ కోసం వద్దన్నవారికి తెలంగాణ పాలన భారం వచ్చింది. ముంపు కోసం వద్దన్నవారు నష్టపరిహారం పోరాటంలో మునిగారు. తప్పుపట్టడానికి ఈ మాట అనడం లేదు. కలిసి వద్దన్నవారు కలిసి ఏమి కావాలో రాసిపెట్టుకోలేదు. యువకుడు అడిగిన ప్రశ్నకు మా జవాబు ఇదే.

అందరి కారణాలలోనూ ఉమ్మడిగా ఉన్నది ఒక్కటే: మమ్మల్ని అడగలేదు. ఈ అడగకపోవడం మనకు కొత్తకాదు. భద్రాచలం ప్రాంతం నిజాం చేతినుండి 1860లో ఆంగ్లేయుల చేతికి పోయింది. 1874లో సెంట్రల్ ప్రావిన్సెస్ నుండి తీసి మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లాలో చేర్చారు. 1959లో తూర్పు గోదావరి నుండి తీసి ఖమ్మంలో కలిపారు. 2014లో మళ్లీ అటు పంపారు. నాలుగుసార్లు గీత మారింది. ఒక్కసారీ ఊరివాణ్ణి పిలిచి నీ మాట ఏమిటని అడగలేదు. జస్టిస్ సయ్యద్ ఫజల్ అలీ అధ్యక్షతన రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ సంఘం 1955లో తెలంగాణను కొంతకాలం విడిగా ఉంచి, 1961 ప్రాంతపు ఎన్నికల తరువాత శాసనసభలో మూడింట రెండువంతుల మంది ఒప్పుకుంటేనే కలపాలన్నది. ఆ మాట కూడ పక్కకు పోయింది. సంప్రదింపు అన్నదానికి మన దీన్‌లో ఉన్న స్థానం మీకు తెలుసు. పవిత్ర ఖుర్‌ఆన్‌లో ఒక అధ్యాయానికే 'అష్ షూరా' అని పేరు.

అయితే విలీనాన్ని సమర్థించినవారి వాదన కూడ మనం న్యాయంగా వినాలి. పోలవరం జాతీయ ప్రాజెక్టు. ముంపు గ్రామాలు ఒక రాష్ట్రంలో, ఆనకట్ట మరొక రాష్ట్రంలో ఉంటే పునరావాసం రెండు ప్రభుత్వాల నడుమ నలిగిపోతుందని వారన్నారు. వీటిలో అధికభాగం 1959కి ముందు తూర్పు గోదావరిలోనివేనని కూడ అన్నారు. ఇవి కొట్టిపారవేయదగిన మాటలు కావు. కాని పునరావాసం సులభమవుతుందన్నదే కారణమైతే, ఆ పునరావాసం ఎట్లా సాగిందో ముంపు గ్రామాలవారు చెప్పగలరు.

ఇక మన సంగతి. ఇంతమంది వద్దన్నప్పుడు ముస్లింల కారణం ఏది? మేము ఆనాటి కరపత్రాలు చాలా చదివాము, కొన్ని మోశాము కూడ. వాటిలో ఆదివాసీ ఉన్నాడు, ఉద్యోగి ఉన్నాడు, గుడి ఉన్నది, సీలేరు ఉన్నది. సంతలో గాజులు అమ్మే మన అక్క, మిషను కుట్టే మన తమ్ముడు, మోటారు బాగుచేసే మన పిల్లవాడు ఎక్కడా కనబడరు. మనమూ అడగలేదు. అందరితోపాటు నినాదం ఇచ్చి ఇంటికి వచ్చాము.

మేము ఉద్యోగకాలమంతా కాగితాల మధ్య గడిపినవారము. గీత మారితే మనిషి బతుకు కాగితం మీద ఎట్లా మారుతుందో రెండు ఉదాహరణలు చెబుతాము.

ఏజెన్సీలో మనం గిరిజనేతరులము. 1/70 చట్టం ప్రకారం అక్కడ మనకు భూమి కొనే వీలులేదు. ఆదివాసీ రక్షణకు అది అవసరమైన చట్టమే, దానిని మనం గౌరవించాలి. కాని దాని ఫలితంగా మనవారిలో చాలామంది అద్దె గదిలో దుకాణం పెట్టుకున్నవారే, పట్టా లేనివారే. ముంపు గ్రామంలో గిన్నెలకు కళాయి పెట్టే ఒక పెద్దమనిషిని సర్వేకు వచ్చినవారు "భూమి లేదు, ఇల్లు లేదు" అని ఒక్క మాటతో దాటిపోయారు. 2013 భూసేకరణ చట్టం ప్రకారం అది పొరపాటు. సేకరణకు ముందు మూడేళ్లుగా ఆ ప్రాంతంలో కౌలుకో, కూలికో, చేతివృత్తికో ఆధారపడి, ఆ జీవనోపాధి కోల్పోయే కుటుంబం కూడ ప్రభావిత కుటుంబమే. ఈ సంగతి ఆయనకు తెలియదు. ఆయనకు చెప్పవలసిన మనకూ ఆనాడు తెలియదు.

రెండవది చదువు. కూనవరం వైపు నుండి ఒక టైలరు తన కుమారుని కాగితాలు పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. పిల్లవాడు భద్రాచలంలో చదివాడు. వారికి పట్టణమంటే అదే. స్థానికత చదివిన చోటును బట్టి, బి.సి.-ఇ ధ్రువపత్రం నివాసమున్న చోటును బట్టి! చదువు తెలంగాణది కనుక ఆంధ్రప్రదేశ్‌లో స్థానికుడు కాడు. ధ్రువపత్రం ఆంధ్రప్రదేశ్‌ది కనుక తెలంగాణలో రిజర్వేషనుకు చెల్లదు. రెండు రాష్ట్రాలలోనూ మనకు నాలుగు శాతం ఉన్నది. ఆ పిల్లవానికి మాత్రం రెండింటిలోనూ పూర్తిగా అందలేదు. ఆ తండ్రి "అన్నా, మేము ఇల్లు కదలలేదు గదా" అన్నాడు. ఆ మాటకు మా వద్ద జవాబు లేదు.

ఇవి ఏ పార్టీ కరపత్రంలోనూ లేని కారణాలు. అట్లని తెలంగాణలో ఉంటే అన్నీ దక్కేవని మేము చెప్పము. ఉమ్మడి ఖమ్మం జిల్లాను ఉర్దూ రెండవ అధికార భాష జాబితాలో చేర్చలేదు. 2017 నవంబరులో రాష్ట్రమంతటినీ ఒక యూనిట్‌గా తీసుకున్న తరువాతనే మనకు అది వచ్చింది. పెండ్లి సహాయం వంటి పథకాలలో ఒకనాడు ఇటు ఎక్కువ, ఒకనాడు అటు ఎక్కువ ఉండవచ్చు. వాటి లెక్కతో ఊరి రాష్ట్రాన్ని తేల్చలేము. మన అసలు కారణం ఇంతకన్నా స్థిరమైనది కావాలి: సంప్రదింపు, కాగితం మీద గుర్తింపు, అందుబాటులో ఉండే కార్యాలయం.

అందుబాటు అంటే ఏమిటో 2022 చెప్పింది. ఆ ఏప్రిల్‌లో చింతూరు, కూనవరం, వరరామచంద్రపురం, ఎటపాక మండలాలను అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేర్చారు; అప్పుడు జిల్లా కేంద్రం పాడేరు. ఘాట్ రోడ్లు దాటి రెండు వందల కిలోమీటర్లకు పైబడిన ప్రయాణం అది. ఆ జూలైలోనే గోదావరి భద్రాచలం వద్ద 71 అడుగులు దాటింది. 1986 వరద తరువాత అంతటి నీరు చూడలేదు. ఎటపాక, పురుషోత్తపట్నం, గుండాల, కన్నాయిగూడెం, పిచుకలపాడు గ్రామాలవారికి కూతవేటు దూరంలో భద్రాచలం, వారి జిల్లా యంత్రాంగం మాత్రం కొండల అవతల. అప్పుడే ఈ అయిదు గ్రామాలను తిరిగి తెలంగాణలో కలపాలన్న కోరిక బలపడింది. భద్రాచలం నుండి దుమ్ముగూడెం, చర్ల వెళ్లేవారు కూడ దారిలో ఆంధ్రప్రదేశ్ నేలను దాటి పోవలసిందే.

ఈ కోరికకు ఇప్పుడు మళ్లీ అన్ని జెండాలవారూ అవునంటున్నారు. మనమూ అవునందాము. కాని 2014 మాదిరిగా కాదు. ఈసారి నాలుగు పనులు చేసి అవునందామని మా మనవి.

మొదటిది, ప్రతి మస్జిద్ కమిటీ తన పరిధిలోని కుటుంబాల జాబితా రాయాలి: ఎవరు ఎన్నేళ్లుగా ఉన్నారు, ఏ వృత్తి, అద్దె రసీదు ఉన్నదా, కరెంటు బిల్లు ఉన్నదా, పిల్లలు ఎక్కడ చదివారు. మూడేళ్ల ఆధారం ఉన్నవాడే రేపు పునరావాస అధికారి ముందు నిలబడగలడు.

రెండవది, ముంపులోకి వచ్చే ఖబరస్తాన్, ఆషూర్‌ఖానా, ఈద్గాల వివరాలు వక్ఫ్ బోర్డుకు రాతపూర్వకంగా పంపాలి. వక్ఫ్ భూమి సేకరణకు వస్తే అవార్డుకు ముందే బోర్డుకు నోటీసు ఇవ్వాలని 1995 వక్ఫ్ చట్టం 91వ సెక్షను చెబుతున్నది. రికార్డులో లేని ఖబరస్తాన్‌కు నోటీసు ఎవరిస్తారు?

మూడవది, సరిహద్దు పిల్లల స్థానికత సమస్యపై రెండు ప్రభుత్వాలకూ ఒకే వినతిపత్రం ఇవ్వాలి. ఇది కోయ పిల్లల సమస్య కూడ, దళిత పిల్లల సమస్య కూడ. వారి తల్లిదండ్రుల సంతకాలు ముందు, మనవి తరువాత ఉండాలి.

నాలుగవది, ఎవరితో కలిసి ఏ మాట అంటున్నామో చూసుకోవాలి. విలీనాన్ని ఎదిరించే సభలలో 'స్థానికులు, వలసవచ్చినవారు' అన్న మాట అప్పుడప్పుడు వినబడుతుంది. నేడు అది ఆంధ్రవారి మీద అన్నట్టు ఉంటుంది. రేపు సంతకు వచ్చిన సాయిబు మీదికి తిరుగుతుంది. తుర్కీ పేరు చెప్పి యూరప్‌లో జరిగినది అదే. ఆ మాట వచ్చినచోట మర్యాదగానే అయినా వెంటనే కాదని చెప్పాలి. చెప్పలేకపోతే ఆ వేదిక దిగి రావాలి.

వేర్వేరు కారణాలున్నవారు ఒక చోట చేరడం తప్పుకాదు. ప్రజాస్వామ్యంలో అట్లాగే చేరుతారు. మన కారణం మనం రాసి, చదివి, అందరిచేత ఒప్పించుకుని చేరాలి. అప్పుడు పని జరిగినా మన వాటా మిగులుతుంది, జరగకపోయినా మన మాట రికార్డులో ఉంటుంది. జీవితమంతా రికార్డులు రాసినవారము గనుక దాని విలువ మాకు తెలుసు.

ఆ యువకుడు ఈ సభలో కూర్చుని ఉన్నాడు. జాబితా రాసే పని తన ఊరినుండే మొదలుపెడతానని పొద్దున మాట ఇచ్చాడు. మా కళ్లజోడుకు కనబడినంత వరకు పక్కన కూర్చుని రాస్తాము. మీ మీ జమాతులలో కూడ ఒక్కొక్కరు కలం పట్టండి. అల్లాహ్ మన ప్రయత్నాన్ని స్వీకరించుగాక.